ఒక్క అక్షరం తేడా: మింగ్ చక్రవర్తుల బంగారు మలాము విగ్రహాలు

పోయిన లేబర్ డే సెలవులకి న్యూజెర్సీలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్ళాం. భోజనాలయ్యాక అతను నన్ను పూజగదిలోకి తీసుకెళ్ళి, వేంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టిన అడుగు ఎత్తు విగ్రహాన్ని చూపించాడు. పద్మం మీద పద్మాసనం వేసుకుని కూర్చున్న బుద్ధుడు. కుడిచెయ్యి నేలని తాకుతోంది. ఒళ్ళంతా పసిడిరంగు. "ఆరువందల ఏళ్ళ నాటిది గురూ, చైనా చక్రవర్తి చేయించింది. ఇంటర్నెట్ వేలంలో నాలుగు వేల డాలర్లకి దొరికింది. కింద పేరు కూడా చెక్కి ఉంది, చూడు" అన్నాడు. కళ్ళజోడు సవరించుకుని చూశాను. పద్మం ముందు భాగంలో ఆరు చైనీయ అక్షరాలు. నా కళ్ళు ఆరో అక్షరం దగ్గరే ఆగిపోయాయి.

అప్పటికి ఏమీ అనలేదు. విగ్రహం పాదాల దగ్గర వాళ్ళ అమ్మగారు పొద్దున పెట్టిన మందారం ఇంకా వాడలేదు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "బాగుంది కదా బాబూ" అన్నారు. "బాగుందండీ" అన్నాను. బాగానే ఉంది మరి.

నేను కళాచరిత్రకారుణ్ణి కాను. చదివింది లోహశాస్త్రం, బతుకుతెరువు సాఫ్ట్‌వేర్. 2005లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో యోంగ్‌ల చక్రవర్తి కాలపు కళ మీద ఒక ప్రదర్శన జరిగింది. అది చూసినప్పటినుంచి ఈ విగ్రహాలంటే నాకు పిచ్చి పట్టుకుంది. మన వాళ్ళలో పురాతన వస్తువులు కొనే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది కనక, నాకు తెలిసినంతలో ఈ విగ్రహాల కథ చెబుతాను. ఆ ఆరో అక్షరం సంగతి కూడా వస్తుంది.

కంచు కాని కంచు

ముందు పేరు సంగతి. మ్యూజియంల్లోనూ వేలం కేటలాగుల్లోనూ వీటిని "బంగారు పూత వేసిన కంచు" అనే రాస్తారు. తీరా పరీక్ష చేయిస్తే చాలా వాటిలో కంచు ఉండదు. కంచు అంటే రాగిలో తగరం కలిపింది. నేపాలీ విగ్రహాలు ఎక్కువగా దాదాపు శుద్ధమైన రాగితో పోసినవి. మింగ్ దర్బారు విగ్రహాలు ఎక్కువగా ఇత్తడి, అంటే రాగి, తుత్తునాగం కలిసినవి. వేలంపాటల్లో పాత పేరే నిలిచిపోయింది. మెట్రోపాలిటన్ వాళ్ళు మాత్రం తమ దగ్గరున్న యోంగ్‌ల కాలపు మంజుశ్రీ పక్కన ఇత్తడి అనే నిజాయితీగా రాశారు. అది పట్టుమని ఇరవై సెంటీమీటర్లు కూడా లేని చిన్న విగ్రహం. కానీ దాని ముందు నిలబడితే పది నిమిషాలు తెలియకుండా గడిచిపోతాయి.

రాగా, ఇత్తడా అన్నది చిన్న విషయం కాదు. శుద్ధమైన రాగి పోతకి మొండిది. ఎక్కువ వేడి కావాలి, అచ్చులోకి చిక్కగా పారుతుంది, గాలిబుడగలు వస్తాయి. కానీ బంగారు మలాము దాని మీద చక్కగా పడుతుంది, ఉలికి కూడా మెత్తగా లొంగుతుంది. ఇత్తడి సులువుగా కరిగి, అచ్చులో సన్నని సందుల్లోకి కూడా పారుతుంది. హారంలో ఒక్కొక్క పూస, చెవికమ్మలో ఒక్కొక్క రేకు విడిగా కనబడాలంటే ఇత్తడే నయం. సీసం ఎక్కువైతే మాత్రం మలాము మరకలు పడుతుంది. కొలిమి దగ్గర ఈ లెక్కలన్నీ చూసుకున్న పనివాళ్ళ పేర్లు ఒక్కటీ మనకి దక్కలేదు. ఒక్కడి పేరు తప్ప.

పదిహేడేళ్ళ కుర్రవాడు

అతని పేరు అరనికో. చైనా గ్రంథాల్లో అనిగ అని ఉంటుంది. ఇప్పుడు కాఠ్‌మాండూ నుంచి చైనా సరిహద్దు దాకా వెళ్ళే రహదారికి నేపాలీయులు అతని పేరే పెట్టుకున్నారు. 1245లో పుట్టాడు. 1260లో మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్, తన గురువైన టిబెట్ లామా ఫగ్‌పాకి టిబెట్లో ఒక స్వర్ణ స్తూపం కట్టించమని ఆజ్ఞ ఇచ్చాడు. పనివాళ్ళ కోసం నేపాల్‌కి కబురు వెళ్ళింది. వందమందిని అడిగితే ఎనభైమంది దొరికారు. వాళ్ళకి నాయకుడుగా ఉంటానని ముందుకొచ్చినవాడు అరనికో. చైనా లెక్కన అప్పటికి పదిహేడేళ్ళు. ఇంత చిన్నవాడివి, నీవల్ల ఏమవుతుందని అడిగితే, వయసు చిన్నదే కానీ బుద్ధి చిన్నది కాదన్నాడని యువాన్ వంశ చరిత్రలో రాసుకున్నారు.

స్తూపం పూర్తయింది. ఫగ్‌పా అతన్ని వదల్లేదు, శిష్యుణ్ణి చేసుకుని చక్రవర్తి దగ్గరికి పంపాడు. దర్బారులో ఒక పాత లోహపు మనిషిబొమ్మ ఉండేది. సూదివైద్యం నేర్పడానికి ఒళ్ళంతా నాడుల గుర్తులున్న బొమ్మ. అది చెడిపోతే బాగుచేసే మొనగాడు దొరకలేదు. అరనికో దాన్ని 1265 నాటికి బాగుచేశాడు. 1273లో రాజ్యంలోని శిల్పకారులందరికీ అధికారి అయ్యాడు. బీజింగ్‌లో మియావ్‌యింగ్ ఆలయంలో ఉన్న తెల్లటి స్తూపం, యాభై మీటర్లకి పైగా ఎత్తున్నది, 1271–1279 మధ్య అతను కట్టించిందే. ఇప్పటికీ నిలిచి ఉంది. బీజింగ్ వెళ్ళే మన వాళ్ళు నిషిద్ధ నగరం, చైనా గోడ చూసి తిరిగొచ్చేస్తారు. ఒక పూట దీనికి కూడా కేటాయించుకోండి. 1306లో అతను అక్కడే పోయాడు.

కాఠ్‌మాండూ లోయలోని నేవార్ పనివాళ్ళ చేతిలో మన పాల శిల్పాల వారసత్వం ఉంది. సన్నని నడుము, విశాలమైన భుజాలు, కొంచెం ఒక పక్కకి ఒరిగిన కూర్చునే తీరు, వంటికి అంటుకున్నట్టుండే వస్త్రం, ఇవన్నీ బీహారు, బెంగాలు బౌద్ధ విహారాలనుంచి వచ్చాయి. అరనికో ఆ చేతివాటాన్ని చైనా చక్రవర్తుల కార్ఖానాల్లోకి తీసుకెళ్ళాడు. మంగోలు రాజ్యం 1368లో పోయింది, మింగ్ వంశం వచ్చింది. ఆ శైలి మాత్రం పోలేదు.

నేరం చేసిన చక్రవర్తి

మింగ్ వంశంలో మూడోవాడు యోంగ్‌ల. 1399లో తన అన్న కొడుకు మీద తిరగబడి, మూడేళ్ళు యుద్ధం చేసి, 1402లో నాన్‌జింగ్‌ని పట్టుకుని సింహాసనం ఎక్కాడు. రాజభవనం తగలబడిపోయింది. పాత చక్రవర్తి మంటల్లో పోయాడో, పారిపోయాడో అన్న గుసగుసలు చాలాకాలం నడిచాయి. తనకి రాజ్యార్హత ఉందని లోకానికి చూపించుకోవలసిన అవసరం ఇలాంటివాడికి ఎంత ఉంటుందో ఊహించుకోండి.

అతను చేసిన పనుల్లో ఒకటి, టిబెట్ నుంచి అయిదవ కర్మపా దెషిన్ షెగ్‌పాని ఆహ్వానించడం. కర్మపా 1407లో నాన్‌జింగ్ చేరాడు. అప్పటికి ఆయన ఇరవైల్లో ఉన్న యువకుడు. లింగు ఆలయంలో చక్రవర్తి తల్లిదండ్రుల పుణ్యలోక ప్రాప్తికి రోజుల తరబడి పూజలు చేయించారు. ఆకాశంలో రంగురంగుల మేఘాలు, వెలుగులు, కొంగలు కనిపించాయని రాసి, బొమ్మలు వేయించి, దాదాపు యాభై మీటర్ల పొడవున్న చుట్టని తయారుచేయించారు. అందులో చైనీయం, టిబెటన్, మంగోలుతో కలిపి అయిదు భాషల్లో రాత ఉంది. తండ్రి మనవడికిచ్చిన సింహాసనాన్ని లాక్కున్న కొడుకు, ఆ తండ్రి పేరుతోనే ఇంత ఘనంగా కర్మ చేయించి, ఆకాశం మెచ్చిందని సాక్ష్యం రాయించుకున్నాడు. భక్తి లేదని నేననను. భక్తీ, అవసరమూ ఒకే మనిషిలో కలిసి ఉండడం మన రాజుల కథల్లోనూ చూస్తాం కదా.

ఆ రాకపోకలతో టిబెట్‌కి కానుకలు ప్రవాహంలా వెళ్ళాయి. పట్టు, వెండి, పింగాణీ, గ్రంథాలు. టిబెటన్ బౌద్ధ త్రిపిటకమైన కాంగ్యూర్‌ని మొట్టమొదట అచ్చువేయించింది కూడా యోంగ్‌ల చక్రవర్తే, 1410లో. వీటితోపాటే విగ్రహాలు. గెలుగ్ సంప్రదాయ స్థాపకుడు త్సోంగ్‌ఖపాని 1408లో పిలిస్తే ఆయన రాలేదు, తర్వాత శిష్యుడు షాక్య యేషేని పంపాడు. ఆ శిష్యుడు తిరిగొచ్చి 1419లో లాసా పక్కన సేరా విహారం కట్టించాడు.

ఇక్కడ మన ఊరి పేరు ఒకటి తగులుతుంది. త్సోంగ్‌ఖపా మరో శిష్యుడు 1416లో లాసా పక్కనే ఇంకో విహారం కట్టి దానికి డ్రెపుంగ్ అని పేరు పెట్టాడు. ఆ మాటకి అర్థం ధాన్యపు రాశి. ధాన్యకటకం అన్న పేరుకి టిబెటన్ అనువాదం అది. అవును, మన అమరావతి ధాన్యకటకమే. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని అక్కడి స్తూపం దగ్గర బోధించాడని టిబెటన్ల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి అమరావతిని ఎంచుకోవడం వెనక ఉన్నది ఇదే. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి న్యూయార్క్‌లో తెలియడం కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ ఆరు అక్షరాలు

ఈ కానుక విగ్రహాల మీద పద్మపీఠం పైభాగాన, ముందువైపు, సన్నగా చెక్కిన ఆరు అక్షరాలుంటాయి. ద మింగ్ యోంగ్‌ల నియెన్ షి. ఒక్కొక్క మాటా విడదీస్తే: మహా, మింగ్, యోంగ్‌ల, సంవత్సరాల్లో, దానం చేసినది. చివరి అక్షరం "షి" చాలా ముఖ్యం. బౌద్ధంలో దానపారమితకి చైనీయులు వాడే మాటలో ఉండేది ఈ అక్షరమే. అంటే ఇది ఫ్యాక్టరీ ముద్ర కాదు, దానపత్రం. మన దేవాలయాల్లో ఇత్తడి దీపపు సెమ్మె మీద ఫలానావారు సమర్పించినది అని చెక్కిస్తారు చూడండి, అలాంటిది.

అదే కాలపు పింగాణీ పాత్రల మీద ఉండేది వేరు. అక్కడ చివరి అక్షరం "జి", అంటే తయారైనది. షువాన్‌ద చక్రవర్తి కాలపు పింగాణీ మీద ఆరక్షరాల ముద్ర చివర ఇదే ఉంటుంది. చైనీయం రానివాళ్ళు కూడా తేడా కనిపెట్టొచ్చు. "షి" అక్షరం ఎడమ భాగం, కుడి భాగం పక్కపక్కన నిలబడినట్టుంటుంది. "జి" అక్షరం ఒక ముక్క మీద ఇంకో ముక్క పేర్చిన రెండంతస్తుల మేడలాంటిది. మా మిత్రుడి బుద్ధుడి కింద ఉన్నది ఆ మేడ. ఎవరో పింగాణీ గిన్నె అడుగు చూసి విగ్రహం మీదికి ఎక్కించారు.

ఇంకో విశేషం. అప్పట్లో చైనీయులు అడ్డంగా రాస్తే కుడినుంచి ఎడమకి రాసేవారు. ఈ విగ్రహాల మీద రాత మాత్రం ఎడమనుంచి కుడికి నడుస్తుంది. టిబెటన్ లిపి మన లిపిలాగే ఎడమనుంచి కుడికి కనక, పుచ్చుకునేవాళ్ళ సౌకర్యానికి అలా చెక్కించారని పండితులు చెబుతారు. ఇచ్చేవాడు చక్రవర్తే అయినా పుచ్చుకునేవాడి వైపునుంచి రాయించడం నాకు నచ్చిన సంగతి. ముద్ర సరిగ్గా ఉన్నంతమాత్రాన విగ్రహం అసలుదని అనుకోకండి సుమా. తెలివైన నకిలీవాళ్ళు "షి"నే చెక్కుతారు. తప్పు ముద్ర ఉంటే అనుమానించాల్సిందే, సరైన ముద్ర ఉంటే అప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది.

చూడవలసినవి ఏమిటి? ముఖం వెడల్పుగా, ప్రశాంతంగా, పెదవుల చివర చిన్న చిరునవ్వుతో ఉంటుంది. నడుము, భుజాలు నేపాలీ పద్ధతి. వస్త్రం మడతలు మాత్రం చైనా పట్టులాగా మెత్తగా జారి పీఠం మీద పరుచుకుంటాయి. బోధిసత్వులైతే హారాల మీద హారాలు, వాటినుంచి వేలాడే పూసల తోరణాలు. పద్మం రెండు వరసల రేకులతో ఉంటుంది. రేకులు సన్నగా, చివర్లు కొద్దిగా ఒంపు తిరిగి, పీఠం చుట్టూ వెనకవైపు కూడా పూర్తిగా ఉంటాయి. పైనా కిందా ముత్యాల వరస. అన్నిటికంటే ముఖ్యం, వెనకభాగం. గోడకి ఆనించి పెట్టే విగ్రహం వీపు ఎవరు చూస్తారని ఆ పనివాళ్ళు అనుకోలేదు. ముందు ఎంత శ్రద్ధో వెనకా అంతే. మా మిత్రుడి విగ్రహానికి వెనకవైపు రేకులు అచ్చులో సగం సగం పడి, ఆకురాయి గీతలతో అలాగే వదిలేసి ఉన్నాయి.

మైనం, మూస, పాదరసం

పోత పద్ధతి మన స్థపతులకి తెలిసిందే. మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగి కారిపోయిన ఖాళీలో మూసలోంచి లోహం పోయడం. ఒక్కటే పెద్ద తేడా. స్వామిమలై పంచలోహ విగ్రహాలు లోపల కూడా నిండుగా ఉండే ఘన విగ్రహాలు. హిమాలయ విగ్రహాలు, వాటిననుసరించిన చైనా దర్బారు విగ్రహాలు లోపల బోలు. మట్టిగుండు మీద పల్చగా మైనం పరిచి దాని మీద పనితనం చూపిస్తారు. లోహం కలిసొస్తుంది, బరువు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది, చెబుతాను.

ఇక మలాము. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నముద్దలాంటి ముద్ద చేస్తారు. విగ్రహాన్ని పులుపుతో శుభ్రం చేసి, ఈ ముద్దని పట్టించి, బొగ్గుల మీద కాస్తారు. 357 డిగ్రీల దగ్గర పాదరసం ఆవిరైపోతుంది, బంగారం లోహాన్ని కరుచుకుని మిగులుతుంది. అప్పుడు అది పాలిపోయిన పసుపురంగులో, మెరుపు లేకుండా ఉంటుంది. గట్టి రాతిముక్కతో రుద్ది రుద్ది మెరుగు తెప్పిస్తారు. యోంగ్‌ల విగ్రహాల మీద ఈ పూత మందంగా, అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. ఖజానా చక్రవర్తిది కనక బంగారానికి కొరత లేదు. ఆ ఆవిరి మాత్రం విషం. చేతులు వణకడం, పళ్ళు ఊడడం, మతి చలించడం. కాఠ్‌మాండూ పక్కన పాటన్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఆ మెరుపు చూసినప్పుడల్లా కొలిమి మీదికి వంగిన మనిషి ఊపిరితిత్తులు గుర్తొస్తాయి నాకు.

బోలు ఎందుకంటే, విగ్రహం పోతతో పూర్తి కాదు. లోపల ఒక కర్రని వెన్నెముకలా నిలబెట్టి, దాని చుట్టూ మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాన్యం, సుగంధద్రవ్యాలు, ఒక్కోసారి మహాత్ముల ధాతువులు పెట్టి, అడుగున రాగిరేకుతో మూసి, ఆ రేకు మీద అడ్డంగా నిలువుగా పెట్టిన రెండు వజ్రాయుధాల గుర్తు చెక్కుతారు. విశ్వవజ్రం అంటారు దాన్ని. మనం ప్రాణప్రతిష్ఠ అంటామే, అది ఇక్కడ ఇలా జరుగుతుంది. ఆ రేకు విప్పడం అపచారం. అయితే లోపల విలువైనవి ఉంటాయన్న ఆశతో దొంగలూ, వర్తకులూ చాలా విగ్రహాల అడుగులు పీకేశారు. మ్యూజియం అద్దాల వెనక కూర్చున్నవాటిలో ఎన్నో లోపల ఖాళీ.

టిబెట్లో పూజలందుకున్న విగ్రహానికి మరో ఆనవాలు ఉంటుంది. అక్కడ బుద్ధుడి ముఖానికి బంగారం పొడిని జిగురులో కలిపి మళ్ళీ మళ్ళీ పూస్తారు, జుట్టుకి నీలం, పెదవులకి ఎరుపు వేస్తారు. చైనానుంచి కానుకగా వెళ్ళి శతాబ్దాలు అక్కడున్న యోంగ్‌ల విగ్రహాల జుట్టు సందుల్లో ఆ నీలిరంగు ఇప్పటికీ కనిపిస్తుంది.

యోంగ్‌ల 1424లో పోయాడు. మనవడు షువాన్‌ద కాలంలోనూ, 1426–1435 మధ్య, ఇదే పద్ధతిలో ముద్రతో విగ్రహాలు చేయించారు. అవి తక్కువ, కాస్త బొద్దుగా ఉంటాయి. ఆ తర్వాత ఆ జోరు తగ్గింది.

చియెన్‌లుంగ్ లెక్కల పుస్తకం

మళ్ళీ ఆ జోరు మంచూ చక్రవర్తి చియెన్‌లుంగ్ కాలంలో, పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చింది. ఇతనికి చిన్నప్పటి సహాధ్యాయి, తర్వాత గురువు, రోల్‌పై దోర్జే అనే లామా. తన తండ్రి పాత నివాసాన్ని 1744లో లామాల విహారంగా మార్చాడు, అదే బీజింగ్‌లోని యోంగ్‌హ ఆలయం. రహ దగ్గర పొటాలాని పోలిన ఆలయం 1771లో పూర్తిచేయించాడు. విగ్రహాల కొలతలు చెప్పే ప్రతిమాలక్షణ గ్రంథం 1742లో టిబెటన్‌నుంచి చైనీయంలోకి వచ్చింది. మన శిల్పశాస్త్రాల తాళమానం లాంటిదే: ముఖం ఇంత, మెడ ఇంత, మోకాలు ఇంత.

చియెన్‌లుంగ్ స్వభావం లెక్కలు రాసుకునేవాడిది. నిషిద్ధ నగరంలో రాజమాతల భవనపు తోటలో ఒక రెండంతస్తుల మందిరం కట్టించి, అందులో ఏడువందలకి పైగా చిన్న విగ్రహాలని ఆరు తరగతులుగా అమర్చి, ప్రతిదాని కిందా ఆ దేవత పేరు చెక్కించాడు. ఇక్కడ ముద్ర "షి" కాదు, "జింగ్ త్సావ్", అంటే భక్తితో చేయించినది. 1926లో స్టాయెల్-హోల్‌స్టైన్ అనే పండితుడు ఆ మందిరంలోని విగ్రహాలకి ఫోటోలు తీయించాడు. హార్వర్డ్‌లో సంస్కృతాచార్యుడైన వాల్టర్ యూజీన్ క్లార్క్ 1937లో వాటిని రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చైనీయ పేర్లకి సంస్కృత మూలాలు వెతికి పెట్టాడు. మంజుశ్రీ, తార, లోకేశ్వరుడు, మన నాలుక మీద ఆడే పేర్లే వరసగా కనిపిస్తుంటే, దారితప్పిన చుట్టాల జాబితా చదువుతున్నట్టుంటుంది. కళగా చూస్తే మాత్రం నాకు ఇవి కొంచెం బిగుసుకుపోయినట్టు అనిపిస్తాయి. కొలతలన్నీ సరిగ్గా ఉంటాయి, యోంగ్‌ల కాలపు చిరునవ్వు ఉండదు.

బజారులో బుద్ధుడు

1860లో బీజింగ్ వేసవి రాజప్రాసాదం దోపిడీ, 1900లో విదేశీ సైన్యాల దోపిడీ, ఆ తర్వాత అంతర్యుద్ధాలు. చక్రవర్తుల విగ్రహాలు యూరప్, అమెరికా చేరాయి. టిబెట్లో ఉన్నవాటికి 1966–76 సాంస్కృతిక విప్లవం పెద్ద దెబ్బ. విహారాల విగ్రహాలు పాత లోహం కింద కరిగించడానికి లారీల్లో వెళ్ళాయి. కరగకుండా మిగిలినవి కొన్ని 1980లలో తిరిగి చేరాయి.

ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2006 అక్టోబరులో హాంకాంగ్ సోద్‌బీస్‌లో 72.5 సెంటీమీటర్ల యోంగ్‌ల శాక్యముని విగ్రహం 11.66 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. 2013లో అక్కడే మరో శాక్యముని 23.6 కోట్లు. 2014లో యోంగ్‌ల కాలపు పట్టు కుట్టుపని థాంకా ఒకటి క్రిస్టీస్‌లో 34.8 కోట్లకి పోయింది. అంటే సుమారు నాలుగున్నర కోట్ల అమెరికన్ డాలర్లు. ఇవన్నీ చైనా కోటీశ్వరులు కొనుక్కున్నారు. ఈ లెక్కన నాలుగు వేల డాలర్లకి యోంగ్‌ల బుద్ధుడు దొరికాడంటే, దొరికింది బుద్ధుడు కాదు, కొన్నవాడు.

కొనాలని మనసు పడేవాళ్ళకి లోహశాస్త్రం చదివినవాడిగా నాలుగు మాటలు. ఎక్స్‌రే పరికరంతో లోహపు పాళ్ళు చూడొచ్చు. పాత కాలంలో రాగినీ తుత్తునాగపు ఖనిజాన్నీ కలిపి కాల్చి ఇత్తడి చేసేవారు, ఆ పద్ధతిలో తుత్తునాగం సుమారు ముప్పై శాతం దాటడం కష్టం. నలభై శాతం ఉందంటే అది తర్వాతి కాలానిది. పూతలో పాదరసం జాడ లేకపోతే కరెంటుతో వేసిన పూత అయి ఉండొచ్చు. ఉంటే మాత్రం పాతదని అర్థం కాదు, పాటన్‌లో నిన్న చేసినదానికీ ఉంటుంది. లోపల మిగిలిన మట్టిగుండుని వేడిచేసి, అది వెలువరించే వెలుగుని బట్టి ఎప్పుడు కాలిందో లెక్కగట్టే పరీక్ష ఉంది. ఇవన్నీ దాటినా ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఇన్నాళ్ళూ ఇది ఎవరి దగ్గర ఉంది? ఆ కాగితాలు లేని విగ్రహం నకిలీ కాకపోతే ఏ గుడినుంచో ఎత్తుకొచ్చింది కావచ్చు. మన ఊళ్ళలో ఉత్సవ విగ్రహాలు ఎలా మాయమై విదేశాల్లో తేలుతున్నాయో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. నకిలీ అయితే పోయేది డబ్బు ఒక్కటే.

డబ్బు పెట్టకుండా చూడాలంటే దారులున్నాయి. లండన్ మిత్రులకి బ్రిటిష్ మ్యూజియంలో వెనక ప్రభావళితో సహా ఉన్న యోంగ్‌ల శాక్యముని ఉన్నాడు. అదే మ్యూజియం దగ్గర ఉమ్మడి గుంటూరు జిల్లా బుద్ధాంలో దొరికిన లోహపు బుద్ధుడు కూడా ఉన్నాడు, ఈ మింగ్ విగ్రహాలకంటే ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళు పెద్దవాడు. ఇద్దరినీ ఒకే రోజు చూడగలిగితే అదృష్టం.

మా మిత్రుడికి ఇంటికొచ్చాక ఫోన్ చేసి ఆరో అక్షరం సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అమ్మకి చెప్పకు" అన్నాడు మొదట. అమ్మినవాడికి రాస్తే వాపసు గడువు దాటిపోయిందని రెండు లైన్ల జవాబు వచ్చిందట. అడుగు రేకు విప్పి లోపల ఏముందో చూడనా అని అడిగాడు. వద్దన్నాను. నాలుగు రోజుల తర్వాత అతనే ఫోన్ చేశాడు. ఉండబట్టలేక అమ్మగారికి చెప్పేశాడట. ఆవిడ అంతా విని, "అయితే దొంగలు ఎత్తుకుపోతారన్న భయం లేదుగా, అక్కడే ఉండనీ" అన్నారట.

వచ్చే నెల ఆవిడని మెట్రోపాలిటన్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆ చిన్న మంజుశ్రీ ఇప్పుడు ప్రదర్శనలో ఉన్నాడో లేదో మ్యూజియం వాళ్ళ సైటులో చూసుకుని బయల్దేరాలి. మందారం లోపలికి తీసుకెళ్ళనిస్తారా అని ఆవిడ అడిగారట, నేనింకా జవాబు చెప్పలేదు.